రథమునకు వెల యెంత?

గృహమును నడుపు స్త్రీకి వెల యన నేమో, విలువ యన నేమో వేఱుగా నెవ్వరును బోధింప నక్కఱలేదు. సంతలో వంకాయల వెల యడిగినప్పుడును, కంసాలి యొద్ద తరుగును మజూరిని లెక్కించునప్పుడును, పట్టుచీర మడత విప్పి జరీని గోటితో పరీక్షించునప్పుడును మనము ఈ రెంటికి నడుమ గల దూరమును కొలుచుచునే యున్నాము. అంగడివాడు చెప్పునది వెల. మన మనస్సు చెప్పునది విలువ. ఈ రెండును కలిసినచోట బేరము కుదురును. కలియనిచోట సంచి చేతబట్టి ముందునకు సాగుదుము. ఇంతటి యనుభవము గల మనము అమెరికాదేశపు మోటారుకార్ల వెలలను గూర్చి రెండు మాటలు చెప్పుకొనుట వింతగా తోచవచ్చును గాని, అనుచితము మాత్రము కాదు.

ఏలయన, నేడు తెలుగునాట ననేక గృహములలో నొక కొడుకో, అల్లుడో, మఱదియో ఆ దేశమున నున్నాడు. మా యింటను నట్లే. మా చిన్న మఱది మిషిగన్ రాష్ట్రమున ఇంజనీరు. ఆతని చదువునకై మావారు తమ బడిజీతము మీద అప్పు చేసిరి. మా చేతి గాజులు రెండేండ్లు బ్యాంకులో కుదువ నుండెను. ఆ యప్పు నంతటిని ఆతడే తీర్చినాడు. గాజులును తిరిగి మా చేతికి వచ్చినవి. అట్టివాడు గడచిన శ్రావణమాసమున మాకొక యుత్తరము వ్రాసినాడు: “వదినా, నాకు ఒక్కటే కోరిక. కాడిలాక్ వారి సిటి5-వి బ్లాక్‌వింగ్ అనే కారు కొనుక్కోవాలని ఉంది. అన్నయ్యతో నువ్వే చెప్పాలి.”

ఆ కారు 2021లో వెలువడినప్పుడు దాని వెల సుమారు 85,000 డాలర్లు. మన రూపాయలలో నేడు 70 లక్షలకు మించును. ఆ మాట విని మా అత్తగారు, “ఆ డబ్బుతో మన వీధిలో ఇల్లు కొనుక్కోవచ్చు కదే అమ్మాయ్!” అని చెక్కిట చేయి చేర్చుకొనిరి. పైగా రాబోవు మాఘమాసమున మా ఆడపడుచు వివాహము. అందులో సగము వ్యయము తాను భరింతునని చిన్నవాడు మాట యిచ్చి యున్నాడు. మావారు గణితోపాధ్యాయులు; లెక్క తేలనిదే మాట యాడరు. “నీవు చదివి తెలిసికొని చెప్పుము” అని యా భారమును మాపై నుంచిరి. అందుచే నొక మాసము మేమీ విషయమును శ్రద్ధగా చదివితిమి. చదివినది మా సోదరీమణులకు చెప్పుట మా యుద్దేశము.

కాడిలాక్ కంపెనీ 1902లో డెట్రాయిట్ నగరమున పుట్టినది. దాని ఘనత తొలుత వెలవలన వచ్చినది కాదు, పనితనమువలన వచ్చినది. హెన్రీ లీలాండ్ అను నాతడు దానికి ప్రాణము. 1908లో ఇంగ్లండునందు మూడు కాడిలాక్ కార్లను మరమరకు విప్పి, భాగములన్నిటిని ఒక్క రాశిగా కలిపి, మరల మూడు కార్లుగా కూర్చి, 500 మైళ్ళు నడిపి చూపిరి. ఒక కారు భాగము వేఱొక కారునకు అతుకుట ఆనాడు అద్భుతము. ఆ పరీక్షకే డ్యూయర్ బహుమతి లభించెను. మఱుసటి సంవత్సరమున జనరల్ మోటార్స్ వారు ఆ కంపెనీని కొనిరి. 1912 నాటి కాడిలాక్ కార్లలో, చార్లెస్ కెట్టరింగ్ నిర్మించిన విద్యుత్ యంత్రము కారు యంత్రమును తనంతట మేల్కొలుప సాగెను. అంతకు మునుపు ముందువైపున ఇనుపకడ్డీని బలముగా త్రిప్పినగాని యంత్రము మేల్కొనెడిది కాదు. అది యెదురుతన్నినచో చేయి విఱుగుటయు కద్దు. ఆ కడ్డీ పోయిన పిమ్మటనే స్త్రీలు నిర్భయముగా కారు నడుపుట పెరిగినది. ఇట్టి వస్తువునకు వెల యెక్కువైనను విలువ తోడుగా నున్నది.

1923లో జనరల్ మోటార్స్ అధ్యక్షుడైన ఆల్‌ఫ్రెడ్ స్లోన్ వెలలను మెట్లుగా కట్టినాడు. అడుగున షెవ్రొలే, శిఖరమున కాడిలాక్, నడుమ బ్యూయిక్ మొదలగునవి. ప్రతివాని డబ్బుసంచికిని తగిన కారొకటి యుండవలెనని ఆతని సిద్ధాంతము. కొన్నవాడు తృప్తి పడక పైమెట్టును చూచుచుండవలె ననునదియు నందే యిమిడి యున్నది. మనకిది క్రొత్త గాదు. ముక్కుపుడక వచ్చినవెంటనే గాజులు, గాజులు వచ్చినవెంటనే కాసులపేరు, అది వచ్చినపిదప వడ్డాణము కంటికి కనబడుట మన మెఱుగని సంగతియా? కంసాలి యింటిముందు తానుగా నేర్పడిన మెట్లను స్లోన్ కాగితముపై గీసి, వెల కట్టినాడు, అంతియే భేదము.

ఇచ్చట నొక విచిత్రము కలదు. సాధారణ వస్తువునకు వెల తగ్గిన గిరాకి పెరుగును. వైభవమునకై కొను వస్తువునకు వెల తగ్గిన నొకప్పుడు గౌరవమే తగ్గును. థార్‌స్టైన్ వెబ్లెన్ అను నర్థశాస్త్రజ్ఞుడు 1899లోనే దీనిని వివరించెను. పదిమంది చూచుటకై చేయు వ్యయమునకు, వ్యయమే ప్రయోజనమని యాతని తాత్పర్యము. ప్యాకార్డ్ కంపెనీ కథ దీనికి నిదర్శనము. ఒకప్పుడది అమెరికాలో ధనవంతుల కారు. 1930 తర్వాతి దుర్దినములలో నమ్మకములు పడిపోగా, 1935లో సుమారు 1,000 డాలర్ల వెలకు “వన్-ట్వెంటీ” యను కారును తెచ్చిరి. అది విరివిగా అమ్ముడై కంపెనీని బ్రదికించెను. కాని ప్యాకార్డ్ అను పేరు నాడు పొరుగింటి గుమాస్తా వాకిటను గూడ కనబడసాగినది. ధనవంతులు మెల్లగా కాడిలాక్ వైపు తిరిగిరి. తుదకు 1958లో ప్యాకార్డ్ పేరే యంతరించెను. ఇతర కారణములును గలవు గాని, ప్రాణము నిలుపుటకై పేరును ఖర్చుచేయుట యెట్టిదో యీ కథ తెలుపుచున్నది.

కాడిలాక్ వారును తరువాత నిట్టి పరీక్షకే లోనైరి. 1981లో వారు “సిమరాన్” అను చిన్నకారును తెచ్చిరి. దాని యెముకలు షెవ్రొలే వారి చౌక కారైన కావలియర్‌వి. వెల మాత్రము 12,000 డాలర్లకు పైమాట. తోలు ఆసనములు, మెఱుగు బిళ్ళలు చేర్చినంతమాత్రమున కొనువారు మోసపోలేదు. గిల్టునగను బంగారపు పెట్టెలో పెట్టినను గీటురాయి యూరకుండునా? 1988తో ఆ కారు నిలిచిపోయెను.

వెల మిక్కిలి పెంచుటయు క్షేమము కాదు. ఫోర్డ్ కంపెనీవారు 1956లో “కాంటినెంటల్ మార్క్ టూ” అను కారును సుమారు 10,000 డాలర్లకు అమ్మిరి. రెండేండ్లలో మూడువేలు మాత్రమే చేసిరి. అమ్మిన ప్రతి కారు మీదను నష్టమే. 1957లో కాడిలాక్ వారి “ఎల్డొరాడో బ్రూమ్” వెల 13,074 డాలర్లు. దానిలో స్త్రీలకై అత్తరుబుడ్డి, పౌడరుడబ్బి, కదలక నిలుచు అయస్కాంతపు గ్లాసులు గూడ నుంచిరి. అయినను నేటికి నేడాదికి వందలలోనే యమ్ముడయ్యెను. అత్తరు పరిమళము నష్టమును కప్పలేదు.

ఇంతవఱకు చదివి, ఇదంతయు డాంబికమే గదా యని మేము పుస్తకము మూయబోతిమి. అంతలో నొక సంగతి మమ్ము నిలిపినది. కాడిలాక్ సంస్థలో నికొలస్ డ్రైస్టాట్ అను నధికారి యుండెడివాడు. ఆతని కథను పీటర్ డ్రక్కర్ తన స్మృతులలో చెప్పియున్నాడు. ఆ రోజులలో నల్లజాతివారికి కాడిలాక్ అమ్మరాదని కంపెనీ నియమము. అయినను మరమ్మతుకు వచ్చు కార్ల యజమానులలో నల్లజాతి వైద్యులు, ముష్టియోధులు, గాయకులు అనేకులని డ్రైస్టాట్ గమనించెను. వారు తెల్లవాని నొకని ముందుంచి, వానికి కొంత ముట్టజెప్పి కారు కొనుచుండిరట. మంచి పేటలలో ఇల్లు కొననియ్యరు; మంచి హోటలులో బస నియ్యరు. సంపాదించిన ధనమునకు గౌరవరూపమున కనబడు వస్తువు వారికి కారొక్కటియే. డ్రైస్టాట్ మాటపై కంపెనీ ఆ నియమమును విడిచి, దుర్దినముల గడ్డుకాలమున నష్టమునుండి తేరుకొనెనని డ్రక్కర్ వ్రాసెను. 1949లో “ఎబొనీ” యను నల్లజాతివారి పత్రిక, మనవారు కాడిలాక్ ఏల కొనుచున్నారని సంపాదకీయమే వ్రాసినది. ఇది తెలిసిన పిమ్మట, వైభవవస్తువును కొను ప్రతివానిని డాంబికుడని యనుటకు మాకు నోరు రాలేదు. పరదేశమున, పరుల చూపుల నడుమ తిరుగు మా చిన్నవానికిని ఆ కారులో నట్టి గౌరవమేదో కనబడినదేమో!

ఇక వేగము సంగతి. అమెరికా కారనిన మెత్తని పరుపువంటిదని, జర్మనీ కారనిన బాణమువంటిదని చిరకాలము ప్రసిద్ధి. వేగము కోరువారికి అమెరికాలోనే షెవ్రొలే వారి కార్వెట్ 1953నుండి కలదు. మొదటి యేట 300 మాత్రమే చేసిరి. అన్నియు తెల్లనివే, లోపల నెఱ్ఱనివి. వెల 3,498 డాలర్లు. 2004 సంవత్సరపు కార్లలో కాడిలాక్ వారు కార్వెట్ యంత్రమును తమ నాలుగుతలుపుల కారులో నుంచి “సిటిఎస్-వి” యని పేరు పెట్టిరి. 2008లో దాని రెండవ తరపు కారు జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ బాటను 8 నిమిషములకు లోపల చుట్టివచ్చెను. పరుపువంటి దన్నవారు పలుకలేదు.

మా మఱది కోరిన బ్లాక్‌వింగ్ ఆ వంశమునదే. దాని బలము 668 అశ్వశక్తులు. యంత్రమును కెంటకీ రాష్ట్రమున బౌలింగ్ గ్రీన్‌లో నొక్క పనివాడే మొదటినుండి తుదివఱకు కూర్చి, దానిపై తన పేరు బిళ్ళ నుంచును. దానికి సాటియగు జర్మనీ కారు, బి.ఎం.డబ్ల్యు. వారి ఎం5, ఆ సంవత్సరముననే లక్ష డాలర్లు దాటినది. అమెరికావారిది చౌక యగుట కేమి కారణము? ఆ యంత్రపు జాతియే వారి సామాను లారీలలోను, కార్వెట్‌లోను లక్షలకొలది తయారగుచున్నది. కావున దాని ఖర్చు పలువురిపై పంచబడును. పెద్ద వంటపాత్రలో నుడికిన యన్నము తలకొక్కింటికి చౌకపడునట్లే ఇదియు. 2019లో క్రొత్త కార్వెట్‌ను 60,000కు లోపల నమ్ముదుమని చెప్పి, 59,995 డాలర్లని వెల ప్రకటించిరి. ఆ యైదు డాలర్ల తగ్గింపు మన చెప్పుల దుకాణమున 499 రూపాయల చీటికి జ్ఞాతియే.

వెలను గూర్చి ఆ దేశమున నొక మంచి శాసనము కలదు. ఒక్లహోమా సెనేటరు మైక్ మన్రోనీ పూనికచే 1958లో వచ్చినది. ప్రతి క్రొత్త కారు అద్దముపై ధరచీటి యంటింపవలెను. అసలు వెల యెంత, అదనపు హంగుల కెంత, రవాణా కెంత, మొత్తమెంత యని అందు వేర్వేరుగా నుండవలెను. నూనె మిక్కిలిగా త్రాగు కార్లపై 1978 శాసనము విధించిన పన్నును గూడ అందే చూపవలెను. కంసాలి చిట్టాలో తరుగు, మజూరి, రాళ్ళ తూకము విడివిడిగా కనబడవలెనని కోరు మనకీ చీటి యెంతయో నచ్చినది. కాని యందొక చిక్కున్నది. ఆ వెల తయారుచేసినవారి సూచన మాత్రమే. డీలరు దానికి కట్టువడి యుండ నక్కఱలేదు. గిరాకి లేని కారును తగ్గించి యిచ్చును. గిరాకి గల కారుపై తన యిచ్చవచ్చినంత కలుపును. కార్ల కొఱత కలిగిన 2022లో ఇట్టి పైవసూళ్ళు మితిమీఱగా, జనరల్ మోటార్స్ వారే తమ డీలర్లను హెచ్చరింపవలసి వచ్చెను.

మా మఱదికిని అట్లే జరిగినది. ఆతడు పోయిన అంగడిలో నాతనికి చీటివెలపై 12,000 డాలర్లు అదనముగా నడిగి, “నెలకు పండ్రెండు వందలే గదా!” యని 84 నెలల వాయిదాను చూపినారట. మేమును మావారును లెక్కకు కూర్చుంటిమి. 80,000 డాలర్ల యప్పు, ఏటికి నూటికి 7 వంతున, 84 నెలలకైనచో నెలకు సుమారు 1,207 డాలర్లు. మొత్తము వడ్డీ 21,400. అదే 48 నెలలకైనచో నెలకు 1,916. వడ్డీ దాదాపు 12,000. అనగా నెలవాయిదా చిన్నదిగా కనబడుటకై 9,400 డాలర్లు ఎక్కువ చెల్లింపవలెను. దానికి అంగడివాని 12,000 కలిపిన 21,400. అంత ధనమును కారులో నొక్క మేకునకైనను రాదు. ఆడపడుచు వివాహమున చిన్నవాడు భరింతునన్న భాగము అంతకంటె తక్కువ!

మేము వ్రాసిన యుత్తరమున కారు కొనవలదని వ్రాయలేదు. గాజులు విడిపించి తెచ్చినవాని కోరికను తుంచుటకు మాకు మనసొప్పలేదు. ఆ యధికారమును మాకు లేదు. లెక్క వ్రాసి, దాని క్రింద నీ క్రింది మాటలు మాత్రము చేర్చితిమి: “నాయనా, చీటిమీది వెలకు బదులుగా యంత్రము, పనితనము, నీ సంతోషము వచ్చును. చీటిపైని కలిపినదానికి నీ తొందర తప్ప మఱేమియు రాదు. తొందర నమ్ముకొనువాడు వాడు, కొనువాడవు నీవు. ఆలోచింపుము.”

పదునైదు దినములకు ప్రత్యుత్తరము వచ్చెను. ఆ యంగడిని విడిచినాడట. వేఱొకచోట చీటివెలకే ఇచ్చెదమని చెప్పగా పేరు వ్రాయించినాడు. వంతు వచ్చుటకు నెలలు పట్టును. ఈలోపున వివాహమునకు తన భాగము పంపి, మిగిలినది కూడబెట్టి, అప్పును నలుబది యెనిమిది నెలలకు మించనీయనని వ్రాసినాడు. మా అత్తగారు ఉత్తరము చివఱ వఱకు విని, “రంగు ఏదో వ్రాయలేదా?” యని యడిగిరి! మావారు నవ్వి యూరకుండిరి.

మహాభారతమున నలోపాఖ్యానము చదివిన సోదరీమణులకు ఋతుపర్ణుని ప్రయాణము జ్ఞప్తికి రావచ్చును. బాహుకుడను పేర నున్న నలుడు కండగల గుఱ్ఱములను విడిచి, బక్కచిక్కిన వానినే యెన్నుకొనెను. రాజు సందేహించెను. రథము కదలిన పిమ్మట, జాఱిన ఉత్తరీయమును తీసికొందమని రాజు అనునంతలో యోజనదూరము గడచిపోయినది. పైమెఱుగు చూచి గాక లోబలము చూచి గుఱ్ఱమును కొనువాడే అశ్వహృదయ మెఱిగినవాడు. అంతటి వేగజ్ఞుడు నొక తాండ్రచెట్టు క్రింద రథము నాపినాడు. చెట్టున ఆకులెన్ని, కాయలెన్ని యని రాజు చెప్పిన లెక్క నిజమా యని యెంచి చూచినాడు. లెక్క సరిపోయినది. అప్పుడు రాజునుండి సంఖ్యావిద్యతో కూడిన అక్షహృదయమును గ్రహించి, బదులుగా తన యశ్వవిద్యను రాజునకు ఇచ్చుట కొప్పుకొనెను. ఆ లెక్క నేర్చిన క్షణముననే అంతవఱకు దేహమున దాగియున్న కలి విడిచిపోయెను.

మన పిల్లలు వేగమును కోరుట తప్పు కాదు. వయసునకు రథము మీద మక్కువ సహజము. వారికి అశ్వహృదయము తానుగా వచ్చుచున్నది. అక్షహృదయమును మాత్రము మన వంటింటి చిట్టానుండియే నేర్పవలెను. వెల చెప్పగానే ముగియక, దాని క్రింది వడ్డీని, దాని మీది పైవసూలును, దానికై వెనుకకు నెట్టబడు ఇతర ధర్మములను లెక్కించుట నేర్పితిమేని, పిమ్మట వారు కొన్న కారు ఏదైనను మనకు చింత లేదు. ఆ లెక్కకు ఇంగ్లీషు చదువు అక్కఱలేదు. ఏండ్లతరబడి పద్దుపుస్తకము వ్రాసిన చేతికి అది తెలిసియే యున్నది.